లంఖణం పిల్లికి మందు కాదు
వీధి నుంచి ఇంటికొచ్చిన పిల్లి పొట్ట కుదుటపడటానికి కొన్ని లెక్కలు

శ్రావణమాసపు ముసురులో మా మెట్ల కింద చేరిన బూడిదరంగు ఆడపిల్లిని ఇంట్లోకి తెచ్చుకున్నాం. మూడో రోజు పొద్దున లేచి చూస్తే ఇసుక తొట్టి నిండా, తొట్టి చుట్టూ నీళ్ల విరేచనాలు. వెనక్కి తిరిగి లెక్కపెడితే ఆ రెండు రోజుల్లో దానికి పెట్టినవి 6 రకాలు: గేదె పాలు, పెరుగన్నం, వేయించిన చేప, ఉడికించిన గుడ్డు, దుకాణంలో కొన్న గింజల మేత, పక్కింటివాళ్లు ఇచ్చిన పొట్లం మేత. అన్నీ ప్రేమ కొద్దీ పెట్టినవే. "లంఖణం పరమౌషధం అన్నారు, రెండు రోజులు ఏమీ పెట్టకండి, అదే సర్దుకుంటుంది" అంది అమ్మ. మనిషి పొట్టకు ఆ మాట ఎన్నోసార్లు పనికొచ్చి ఉంటుంది. పిల్లికి మాత్రం అది ప్రాణం మీదకు తెచ్చే సలహా.

పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందుచీటీ రాయడానికి ముందు మూడు ప్రశ్నలు అడిగారు. బరువెంత? రోజుకు ఎన్నిసార్లు వెళ్తోంది? చివరిసారి ఎప్పుడు తింది? ఒక్కదానికీ మా దగ్గర సరైన జవాబు లేదు. "చాలా నీరసంగా ఉందండీ" అన్నాం. ఆయనకు కావలసింది ఆ మాట కాదు. ఎక్కడ నొప్పిగా ఉందో, ఎప్పట్నుంచి వికారంగా ఉందో పిల్లి చెప్పలేదు. దాని తరఫున చెప్పాల్సింది ఇంట్లోవాళ్లం, చెప్పగలిగింది అంకెల్లోనే. ఆ రోజు సాయంత్రం ఒక నోటుపుస్తకం తీశాం. ఆ తర్వాత మేం నేర్చుకున్న లెక్కలివి.

48 గంటలు: పస్తు ఎందుకు పనికిరాదు

పిల్లి పూర్తిగా మాంసాహార జంతువు. దాని కాలేయం ఎప్పుడూ మాంసకృత్తులను కరిగించి శక్తిగా మార్చుకునే పనిలోనే ఉంటుంది. తిండి అందకపోయినా ఆ పనిని అది మనంత తేలిగ్గా తగ్గించుకోలేదు. పస్తు పెడితే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును పిల్లి కాలేయం ఖర్చు చేయలేదు. కొవ్వు అక్కడే పేరుకుపోతుంది, కాలేయం పనిచేయడం మానేస్తుంది, చెవుల లోపలి చర్మం, చిగుళ్లు పచ్చబడతాయి. ఫ్యాటీ లివర్ అని డాక్టర్లు పిలిచే ఈ జబ్బు బొద్దుగా ఉన్న పిల్లుల్లో త్వరగా వస్తుంది. బక్కచిక్కిన వీధి పిల్లికి ఇంకో ఇబ్బంది: దానికి దాచుకున్న నిల్వే ఉండదు.

అందుకే పెద్ద పిల్లి 24 గంటలు ముద్ద ముట్టకపోతే డాక్టరుకు ఫోను చేయాలి. 48 గంటలు దాటనివ్వకూడదు. పిల్లికూనల విషయంలో ఆ గడువు 12 గంటలే. విరేచనాలు అవుతున్నా సరే, తినగలిగిన పిల్లికి తిండి పెట్టాల్సిందే. మార్చాల్సింది ఏం పెడుతున్నాం, ఎంత పెడుతున్నాం అనేవి.

3 కిలోలు: అన్ని లెక్కలకూ మొదలు

తిండి, నీళ్లు, నట్టల మందు అన్నింటి కొలతా బరువు మీదే ఆధారపడుతుంది. మా పిల్లి తూగింది 3 కిలోలు. ఇంట్లో తూకానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కూనైతే వంటింటి త్రాసు మీద గిన్నెలో కూర్చోబెడితే చాలు. పెద్ద పిల్లిని సంచిలో ఉంచి, ప్రయాణపు సామాన్లు తూచే కొక్కెం త్రాసుకు తగిలించి, తర్వాత సంచి బరువు తీసేయవచ్చు. మనం దాన్ని ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కి, మన బరువు తీసేసినా లెక్క వస్తుంది. కానీ చాలా యంత్రాలు 100 గ్రాముల తేడాను కూడా అటూఇటూగానే చూపిస్తాయి. మనకు కావలసింది అంతకంటే సూక్ష్మమైన లెక్క.

ఎందుకంటే 3 కిలోల పిల్లికి 150 గ్రాములంటే ఒంటి బరువులో 5 శాతం. 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గినట్టు. విరేచనాలు పట్టుకున్న పిల్లి ఒకటి రెండు రోజుల్లో అంత తగ్గిందంటే అది కండ తగ్గడం కాదు, ఒంట్లో నీరు పోవడం. జబ్బుగా ఉన్నన్ని రోజులూ రోజూ ఒకే వేళకు, తిండికి ముందు తూచాలి. కోలుకున్నాక వారానికోసారి చాలు. పాలు మానిన కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి. వరుసగా రెండు రోజులు పెరగకపోతే, చలాకీగానే ఉన్నా డాక్టరుకు చూపించాలి.

160 కిలోక్యాలరీలు: గిన్నెలో ఎంత

కదలకుండా పడుకున్న పిల్లి బతకడానికి రోజుకెంత శక్తి కావాలో పశువైద్యులు ఒక సులువైన సూత్రంతో లెక్కవేస్తారు. కిలోల్లో బరువును 30తో హెచ్చించి 70 కలపాలి. 3 కిలోల పిల్లికి 90కి 70 కలిపితే 160 కిలోక్యాలరీలు. పొట్ట కుదుటపడేదాకా మన గురి ఇదే. ఆరోగ్యంగా, ఇంట్లో తిరిగే పెద్ద పిల్లికి దీనికి 1.2 నుంచి 1.4 రెట్లు, అంటే 190 నుంచి 225 దాకా కావాలి. ఎదిగే కూనకు 2 నుంచి 2.5 రెట్లు.

తోలు తీసి ఉడికించిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాముల్లో దాదాపు 165 కిలోక్యాలరీలుంటాయి. అంటే మన పిల్లి రోజంతటికీ సరిపోయేది 100 గ్రాములే. మనం ఒక పూట కలుపుకునే కూర ముక్కలంత! వీధిలో చాలా రోజులు పస్తులున్న పిల్లికి మొదటి రోజే ఆ మొత్తం కూడా పెట్టకూడదు. మూడో వంతుతో మొదలుపెట్టి మూడు రోజుల్లో పూర్తి కొలతకు తేవాలి. బాగా ఎండిపోయిన పిల్లైతే ఈ పెంపును డాక్టరే నిర్ణయించాలి.

ఆ 100 గ్రాములనూ ఒకేసారి పెట్టకూడదు. పిల్లి పొట్ట చిన్నది. వేటాడి బతికే పిల్లికి ఒక ఎలుకలో దొరికేది సుమారు 30 కిలోక్యాలరీలు. కాబట్టి రోజుకు అది ఎనిమిది పది చిన్న భోజనాలు చేసేలా తయారైంది. దాని పేగు కూడా పొట్టిదే, ఒంటి పొడవుకు దాదాపు 4 రెట్లు. కుక్క పేగు 6 రెట్లుంటుంది. ఆ పొట్టి దారిలో ఒక్కసారిగా తిండి కుమ్మరిస్తే అరగనిది కిందికి జారిపోతుంది. 100 గ్రాములను ఆరు భాగాలు చేసి, భాగానికి 16, 17 గ్రాముల చొప్పున మూడేసి గంటలకు పెడితే పేగుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఉడికించేటప్పుడు ఉప్పు, కారం, నూనె, అల్లం వెల్లుల్లి ముద్ద ఏవీ వేయకూడదు. ఎముక తీసేయాలి. ఉడికిన నీళ్లు పారబోయకూడదు. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఆ నీళ్లలోకి దిగుతుంది. మనలా పిల్లి టారిన్‌ను తన ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు. అది చాలకపోతే కంటి వెనకపొర చెడుతుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చాకే మేత తయారీదార్లు దాన్ని కొలిచి కలపడం మొదలుపెట్టారు. అలాగే ఉత్త కోడిమాంసంలో సున్నం, కొన్ని విటమిన్లు పిల్లికి చాలవు. ఈ పథ్యం నాలుగైదు రోజులకే. ఆ తర్వాత పిల్లుల కోసమే తయారైన సంపూర్ణ ఆహారానికి మళ్లాలి. కుక్క మేత పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. అమెరికా ప్రమాణాల ప్రకారం పెద్ద కుక్క మేతలో తడి తీసేసిన లెక్కన మాంసకృత్తులు కనీసం 18 శాతం ఉంటే చాలు. పిల్లి మేతలో 26 శాతం ఉండాలి. ఆ 8 శాతం తేడా పిల్లి కండల్లోంచి పోతుంది.

పాలు: తెనాలి రామకృష్ణుడి పిల్లి గెలిచింది

రాయలవారిచ్చిన పిల్లికి రామకృష్ణుడు మొదటి రోజే కాగే పాలు పెట్టాడని, ఆ తర్వాత అది పాలగిన్నె చూస్తేనే పారిపోయిందని చిన్నప్పుడు అందరం విన్నాం. పాలకు మూతి కాలిన ఆ పిల్లిని చూసి జాలిపడ్డాం. కథలో రామకృష్ణుడి ఉద్దేశం వేరైనా, పాలకు దూరమైన పిల్లి పొట్ట మాత్రం చల్లగానే ఉండి ఉంటుంది.

ఆవు పాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 4.8 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము కూన తల్లిపాలు తాగినన్నాళ్లు పుష్కలంగా ఊరుతుంది. పాలు మానాక తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్ద పేగులోకి చేరి నీటిని లాక్కుంటుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. పొట్ట ఉబ్బరం, నీళ్ల విరేచనం అలా వస్తాయి. గేదె పాలలో చక్కెరకు తోడు కొవ్వు కూడా 6, 7 శాతం ఉంటుంది. చెడిన పొట్టకు అది రెండో దెబ్బ. కొన్ని పిల్లులు పాలు తాగి హాయిగానే ఉంటాయి, నిజమే. కానీ విరేచనాలు పట్టుకున్న పిల్లికి పాల గిన్నె తీసేయడం, ఖర్చు లేకుండా చేయగలిగిన మొదటి వైద్యం. కళ్లు తెరవని కూనలకు కూడా ఆవు పాలు పట్టకూడదు. పిల్లికూనల కోసమే అమ్మే పాలపొడి వాడాలి.

7 నుంచి 10 రోజులు: మేత మార్చే తీరు

మా ఇంట్లో జరిగిన అసలు తప్పు ఏ ఒక్క పదార్థమూ కాదు, 48 గంటల్లో 6 మార్పులు. పేగులో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. నిన్నటిదాకా చేపల తలకాయలు, మాంసం కొట్టు దగ్గర పారేసిన ముక్కలు, ఎవరో పెట్టిన అన్నం తిన్న పిల్లిలో వాటికి తగినవే స్థిరపడి ఉంటాయి. తిండి మారితే ఆ కాపురమంతా మారాలి. దానికి రోజులు పడుతుంది.

మల విసర్జన కుదుటపడ్డాకే కొత్త మేత మొదలుపెట్టాలి. మొదటి రెండు మూడు రోజులు కొత్తది 25 శాతం, పాతది 75 శాతం. తర్వాతి రెండు మూడు రోజులు సగం సగం. ఆపైన కొత్తది 75 శాతం. ఏడో రోజుకో పదో రోజుకో మొత్తం కొత్తదే. మధ్యలో ఎక్కడైనా పల్చబడితే ముందుకు వెళ్లకుండా, వెనకటి మెట్టు దగ్గరే రెండు రోజులు ఆగాలి. ఒకసారికి ఒకటే మార్పు. మేత, మందు, ఇసుక ఒకే రోజు మారిస్తే తర్వాత బాగైనా, చెడినా దేనివల్లో ఎప్పటికీ తెలియదు.

150 మిల్లీలీటర్లు: నీటి లెక్క

పిల్లికి రోజుకు కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. 3 కిలోలకు 150, చిన్న టీ గ్లాసుడు. ఇందులో తిండి ద్వారా అందేదీ కలుస్తుంది. పొట్లాల్లో దొరికే తడి మేతలో 75 నుంచి 80 శాతం నీరే. గింజల మేతలో 10 శాతం దాకా మాత్రమే. విరేచనాల పిల్లికి గింజలు తగ్గించి తడి తిండి పెట్టమనడానికి కారణమిదే. కోడిమాంసం ఉడికిన నీళ్లు గోరువెచ్చగా పెడితే, ఉత్త నీళ్లు ముట్టని పిల్లి కూడా నాకుతుంది.

ఒంట్లో నీరు తగ్గిందేమో చూడటానికి మూడు పరీక్షలున్నాయి. రెండు భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడి నెమ్మదిగా దిగితే కనీసం 5 శాతం నీరు పోయినట్టు. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలో మళ్లీ గులాబీరంగుకు రావాలి. చిగుళ్లు తడిగా, జారుగా ఉండాలి, వేలికి అతుక్కోకూడదు. బాగా చిక్కిన పిల్లిలోనూ, ముసలి పిల్లిలోనూ చర్మం పరీక్ష ఒక్కటే నమ్మితే పొరపడతాం. అందుకే మూడూ చూడాలి.

3 కిలోల పిల్లికి 5 శాతమంటే 150 మిల్లీలీటర్లు. 8 శాతమంటే 240. 10 శాతమంటే 300 మిల్లీలీటర్ల లోటు, కళ్లు లోతుకు పోయి పిల్లి కూలబడే స్థితి. అంత లోటును గిన్నెలోని నీళ్లు తీర్చలేవు. చర్మం కిందో, నరంలోకో డాక్టరు సెలైన్ ఎక్కించాలి. సిరంజితో బలవంతంగా నోట్లో పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

1 నుంచి 7: తొట్టిలోని ఉత్తరం

పశువైద్యులు మలాన్ని 1 నుంచి 7 దాకా మార్కులతో కొలిచే పట్టిక ఒకటుంది. 1 అంటే గట్టి ఉండలు, 7 అంటే ఉత్త నీళ్లు. 2 దగ్గర, తేమగా ఉండి ఎత్తితే విరగనిది, ఆరోగ్యానికి గుర్తు. మా నోటుపుస్తకంలో మొదటి రోజు 7, నాలుగో రోజు 5. డాక్టరుకు ఆ రెండంకెలు చాలు, దారి సరైనదేనని తెలియడానికి.

ఎన్నిసార్లు, ఎంత అనేది ఇంకా ముఖ్యం. రోజుకు రెండు మూడు సార్లు పెద్ద మొత్తంలో వెళ్తూ బరువు తగ్గుతుంటే లోపం చిన్న పేగులో ఉన్నట్టు. రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా ముక్కుతూ, జిగటతో, ఎర్రటి నెత్తురు చారలతో వెళ్తుంటే పెద్ద పేగులో ఉన్నట్టు. తారులా నల్లగా ఉంటే పై పేగుల్లో రక్తం కారుతోందని అర్థం. వెతకాల్సిన కారణాలు, చేయాల్సిన పరీక్షలు ఈ తేడాతోనే మారిపోతాయి.

ఒక హెచ్చరిక. మగపిల్లి తొట్టిలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, ఏమీ రాకపోతే అది మలబద్ధకమని ఆముదమో, నెయ్యో పట్టకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అలాగే రెండు మూడు రోజులు వదిలేస్తే పిల్లి చనిపోతుంది. గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి.

3 నమూనాలు: నట్టల సంగతి

వీధి పిల్లి పొట్టలో నట్టలు ఉన్నాయనే అనుకోవాలి, లేవని తేలేదాకా. ఏలికపాములు తెల్లగా, సేమ్యాలా 10 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. కూనలకు ఇవి తల్లిపాల నుంచే అంటుకుంటాయి. కొంకిపురుగులు పేగుగోడ పట్టుకుని నెత్తురు పీల్చి చిగుళ్లను పాలిపోయేలా చేస్తాయి. బద్దెపురుగు ముక్కలు దోసగింజల్లా కదులుతూ, ఎండాక నువ్వుల్లా తోక కింద అంటుకుని కనిపిస్తాయి. బొచ్చులో గెంతే ఫ్లీ అనే చిన్న పురుగును పిల్లి నాకి మింగితే బద్దెపురుగు లోపలికి పోతుంది. అందువల్ల ఫ్లీలను వదిలించకుండా నట్టల మందు వేస్తే మూడు వారాల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది.

నట్టల మందు ఒక్కసారి వేసి ఊరుకుంటే చాలదు. ఆ రోజు పేగులో ఉన్న పెద్ద పురుగులు పడిపోతాయి. ఒంట్లో తిరుగుతున్న పిల్లపురుగులు తర్వాత పేగులోకి చేరతాయి. అందుకే రెండు వారాలకు మళ్లీ వేస్తారు. కూనలకు 3 వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి, పాలు మానాక 6 నెలలదాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి అన్నది సాధారణ పద్ధతి. మందు పేరూ, మోతాదూ బరువును చూసి డాక్టరు చెప్పాలి. మందు పడిన మర్నాడు పురుగులు కనబడటం, ఒక రోజు పల్చగా వెళ్లడం మామూలే.

నట్టల మందుకు లొంగని విరేచనాలూ ఉన్నాయి. జియార్డియా, కాక్సిడియా, ట్రైట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవులు కంటికి కనిపించవు, సాధారణ నట్టల మందుకు చాలాసార్లు లొంగవు. జియార్డియా రోజూ బయటపడదు. ఒక్క నమూనాలో లేదంటే లేదని కాదు. మూడు నుంచి అయిదు రోజుల్లో మూడు నమూనాలు చూపించాలి. శనగగింజలు రెండు మూడంత తాజా మలాన్ని మూత ఉన్న డబ్బాలో, ఇసుక అంటకుండా తీసుకెళ్తే చాలు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు మనవాళ్లకు అందుబాటులో ఉన్నవే.

తొట్టిని రోజూ శుభ్రం చేయడం మనకూ రక్షణ. టాక్సోప్లాస్మా అనే ఏకకణ జీవి సోకిన పిల్లి తొలిసారి ఒకటి నుంచి మూడు వారాలు దాని గుడ్లలాంటి కణాలను విసర్జిస్తుంది. బయటపడ్డాక అవి ఇతరులకు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. 24 గంటల్లోపు తీసేస్తే ఆ గొలుసు చాలావరకు తెగిపోతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరొకరు చేయాలి.

90 శాతం: ఆలస్యం చేయకూడని జబ్బు

టీకా పడని కూన ఉన్నట్టుండి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీళ్ల గిన్నె మీద తల వాల్చి, తాగలేక కూర్చుంటే అది పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. పిల్లుల పార్వో అంటే చాలామందికి తెలుస్తుంది. వైరస్ ఒంట్లో చేరిన 2 నుంచి 10 రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి. పేగు లోపలి పొరనూ, తెల్లరక్తకణాలను పుట్టించే ఎముక మజ్జనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. వైద్యం అందని కూనల్లో 90 శాతం దాకా చనిపోవచ్చు. సెలైన్, వాంతులు ఆగే మందు, ఇతర సూక్ష్మజీవులు ముసురుకోకుండా యాంటీబయాటిక్ సకాలంలో అందితే బతికేవి చాలానే ఉంటాయి. విరేచనాలు కనబడ్డ ప్రతిసారీ ఇదే అనుకుని భయపడనక్కర్లేదు. కానీ వాంతులు, మగత, తిండి మానడం మూడూ కలిస్తే తెల్లారేదాకా ఆగవద్దు.

ఈ వైరస్ నేల మీద ఏడాది దాకా బతకగలదు. ఇంట్లో ముందే పిల్లి ఉంటే కొత్తదాన్ని కనీసం 14 రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో, వేరే తొట్టితో ఉంచాలి. మలం, మూత్రం కడిగేశాక, లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి నేల మీద 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండాక కూడా ఒక మోతాదు పడేలా వేయించాలి. జబ్బుగా ఉన్న పిల్లికి టీకా ఎప్పుడన్నది డాక్టరు చెప్పే మాట.

500 మిల్లీగ్రాములు: మందుల డబ్బా మూసేయండి

ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ మాత్ర విరిచి పెట్టేవాళ్లున్నారు. పిల్లిలో కిలోకు 10 మిల్లీగ్రాముల దగ్గర్నుంచే విషలక్షణాలు నమోదయ్యాయి. 500 మిల్లీగ్రాముల మాత్ర 3 కిలోల పిల్లికి కిలోకు దాదాపు 167. పావు ముక్క కూడా 40 పైనే. పిల్లి కాలేయంలో ఈ మందును విరిచే దారి చాలా బలహీనం. చిగుళ్లు గోధుమరంగుకు మారతాయి, మొహం వాస్తుంది, నెత్తురు ప్రాణవాయువును మోయలేకపోతుంది. నిజానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంటి వేడే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది.

అదే కాలేయ లోపం వల్ల ఫినాయిల్, నీళ్లలో పోస్తే పాలలా మారే యాంటిసెప్టిక్ ద్రావణాలు కూడా పిల్లికి విషమే. తడిసిన నేల మీద నడిచి కాళ్లు నాకితే చాలు. ఉల్లి కిలోకు 5 గ్రాముల చొప్పున, అంటే 3 కిలోల పిల్లికి 15 గ్రాములు, ఎర్రరక్తకణాలను పగలగొట్టడానికి సరిపోతుంది. కూరలో ముక్క కలిపి పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. మనకు విరేచనాలు కట్టే మాత్రలు, మిగిలిపోయిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కూడా సొంతంగా వేయవద్దు. మెట్రోనిడజోల్ పేగులోని మంచి బాక్టీరియానూ చంపుతుంది.

డాక్టరును అడిగి వాడదగ్గది ఒకటుంది, మంచి బాక్టీరియాను అందించే ప్రోబయాటిక్. అమెరికాలో ఒక జంతు సంరక్షణ కేంద్రంలోని 217 పిల్లుల మీద చేసి, 2011లో ప్రచురించిన అధ్యయనంలో రెండు రోజులు, అంతకు మించి విరేచనాలు పట్టినవి ప్రోబయాటిక్ తిన్నవాటిలో 7.4 శాతం, తిననివాటిలో 20.7 శాతం. అద్భుతమేమీ కాదు గానీ, తేడా స్పష్టమే.

1 అట్టపెట్టె: భయం కూడా పేగుకు తెలుస్తుంది

చోటు మారిన పిల్లి భయపడుతుంది. భయపడిన ఒంట్లో పేగు కదలికలు మారతాయి, ఆకలి చస్తుంది. 2014లో నెదర్లాండ్స్‌లో కొత్తగా ఒక కేంద్రానికి వచ్చిన 19 పిల్లుల్లో కొన్నింటికి దాక్కోవడానికి పెట్టెలిచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి ముందుగా కుదుటపడ్డాయి. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన ఒక అట్టపెట్టె, పాత చీరముక్క, జనం తిరగని ఒక మూల. తిండి, నీళ్లు ఒకవైపు, తొట్టి ఎదురుమూల. తొట్టెలు పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు మనది అనే లెక్కను పిల్లులు పెంచేవాళ్లు చెప్పుకుంటారు.

బెదిరిన పిల్లి గీరినా కరిచినా, ఇంటి పిల్లే కదా అనుకోవద్దు. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

ఆగకుండా బయల్దేరాల్సిన అంకెలు

• పెద్ద పిల్లి 24 గంటలుగా, కూన 12 గంటలుగా ఏమీ తినకపోతే
• ఒక రోజులో మూడు, అంతకంటే ఎక్కువ వాంతులైతే
• ఒంటి వేడి 99 డిగ్రీలకు తగ్గినా, 104 దాటినా
• చిగురు గులాబీరంగుకు రావడానికి 2 సెకన్లు దాటుతుంటే, చిగుళ్లు తెల్లగా లేదా పచ్చగా ఉంటే
• మలం తారులా నల్లగా ఉన్నా, ఎర్రటి నెత్తురు ఎక్కువగా పడినా
• నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటుతుంటే
• ఒంటి బరువులో 5 శాతం తగ్గితే
• నోట్లోంచో, వెనకనుంచో దారం, పతంగి మాంజా వేలాడుతుంటే. దాన్ని లాగవద్దు, పేగు కోసుకుపోతుంది

వీటిలో ఏదీ లేక, పెద్ద పిల్లి చలాకీగా ఉండి తింటుంటే, పథ్యంతో 48 గంటలు చూడవచ్చు. అప్పటికీ పల్చగానే ఉంటే డాక్టరుకు చూపించాలి. మూడు వారాలు దాటిన విరేచనం దీర్ఘకాలికం. అప్పుడు రక్తపరీక్ష, ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ అనే వైరస్‌ల పరీక్షలు, ఆహారం పడటం లేదేమో చూడటం అవసరం. తిండి పడకపోవడమే కారణమైతే, సరైన మేతకు మార్చిన రెండు వారాల్లో చాలా పిల్లులు తేడా చూపిస్తాయి.

మా బూడిదరంగు పిల్లికి ఏలికపాములున్నాయని పరీక్షలో తేలింది. రెండుసార్లు నట్టల మందు పడింది. పాల గిన్నె అటక ఎక్కింది. మూడేసి గంటలకు అలారం పెట్టుకుని 17 గ్రాముల చొప్పున తూచి పెట్టింది ఎవరో కాదు, లంఖణం పెట్టమన్న మా అమ్మే. కళ్లజోడు సవరించుకుని, త్రాసు ముల్లు నిలిచేదాకా ఆగి, నోటుపుస్తకంలో టైము వేసేది.

ఆ పుస్తకం మొదటి పేజీల్లో చోటు చాలక అంచుల్లో కూడా రాసుకున్నాం. ఎన్నో గంటకు వాంతి, ఏ రంగు, ఎన్ని మిల్లీలీటర్లు. రెండో వారానికి గీతలు పలచబడ్డాయి. ఆరో వారం ఆదివారం పేజీలో అమ్మ చేతిరాతతో రెండే మాటలున్నాయి: "3 కిలోల 300. మామూలే." ఆ తర్వాత ఆ పుస్తకంలో ఎవరూ ఏమీ రాయలేదు.